పంతొమ్మిది గోడలు, ఒక నిచ్చెన

జూన్ 3

వదినా,

బాగున్నావా అని అడగను. అడిగితే నీ మోకాళ్ళ సంగతి రెండు పేజీలు రాస్తావు. ఈసారి ఆ రెండు పేజీలూ నాకు వేరే పనికి కావాలి.

ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావేమో. మన ఒప్పందం మరిచిపోకు. ఫోనెత్తితే మూడో నిమిషానికల్లా మనకి గొడవ. మా అన్నయ్యని ఎత్తుకుపోయావని నేను, బ్రష్షు పట్టినవాళ్ళకి లోకజ్ఞానం సున్నా అని నువ్వు. ఉత్తరమైతే ఎంత కోపంతో మొదలుపెట్టినా కవరు అంటించేసరికి చల్లారుతుంది. ఆరేళ్ళుగా మనం వదినామరదళ్ళుగా మిగిలామంటే ఈ పద్ధతి వల్లే.

అసలు సంగతి విను. బస్టాండు వెనకాల వృత్తి విద్యా పాఠశాల ఉంది కదా, అక్కడ చేత్తో అక్షరాలు రాయడం నేర్పడానికి టీచరు కావాలట. ఫ్లెక్సీలు వచ్చాక మీ పని అయిపోయిందన్న ఊరే ఇప్పుడు చేతిరాత బోర్డు ముచ్చటగా ఉంటుందంటోంది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు.

కానీ ప్రకటన చివర ఒక ముల్లు ఉంది. అభ్యర్థులు తమ పనులన్నీ చూపించే సొంత వెబ్‌సైట్ పెట్టి, దాని చిరునామా దరఖాస్తుతో పంపాలట. గడువు సెప్టెంబరు ఆఖరు.

ఎదురు ఫ్లెక్సీ షాపాయన మంచివాడే. "దానికేం చెల్లెమ్మా, అరగంటలో నేను చేసిపెడతా" అన్నాడు. వద్దన్నాను. నాన్న మాట నీకు తెలుసు. బోర్డులు రాసేవాడి బోర్డు ఇంకొకడు రాస్తే అంతకంటే నవ్వులపాటు లేదనేవాడు. నా వెబ్‌సైట్ అంటే నా బోర్డే కదా. అందులో ప్రతి అక్షరం నేనే రాస్తాను. నువ్వు దిద్దవచ్చు, రాయకూడదు.

నలభై ఏడేళ్ళకి ఈ సరదా ఏమిటని నవ్వకు. సరదా కాదు. అన్నయ్య వెళ్ళినప్పటి నుంచి నేను రాసేవి నంబరు ప్లేట్లు, ఇళ్ళ ముందు పేర్లు. అన్నీ నేలమీద కూర్చుని చేసే పనులు. గోడ పని వస్తే వద్దంటున్నాను. నిచ్చెన పట్టుకునే మనిషి లేడు కదా. వచ్చే ఏటి నుంచి నంబరు ప్లేట్లు కూడా ఫ్యాక్టరీలోనే తయారై వస్తాయట. ఆ తర్వాత గిడ్డంగిలో పెట్టెలు సర్దే పనికి కుదరాలి. అది తప్పు పనేమీ కాదు, కానీ ముప్పై ఏళ్ళు బ్రష్షు పట్టాక దాన్ని కడిగి అటక మీద పెట్టాలంటే ఏడుపొస్తోంది.

మూతపడిన ఆఫీసు నుంచి పాత కంప్యూటరు ఒకటి తెచ్చుకున్నాను. లైబ్రరీ నుంచి వెబ్ పేజీలు రాయడం నేర్పే హెచ్‌టీఎంఎల్ పుస్తకం తెచ్చాను. మొదటి పాఠం చదివి ఒక పేజీ కోడు కాగితం మీద రాశాను, జతచేస్తున్నాను. దిద్ది పంపు.

నీ మాట ఎప్పుడూ వినని,
బ్రష్షు మరదలు


జూన్ 12

మరదలా,

నా మోకాళ్ళు బాగాలేవు. చెప్పకుండా ఎలా ఉంటాను?

నీ కాగితం చూశాను. పదేళ్ళకు పైగా కోడు రాస్తున్నాను, ఇంత అందమైన బ్రాకెట్లు ఎక్కడా చూడలేదు. ఆఫీసులో నా బల్ల దగ్గర అంటించుకున్నాను. మా మేనేజరు దాని ముందు నిలబడి టీ మొత్తం తాగాడు. అయితే అందులో ఏడు తప్పులున్నాయి. ఇంకో కాగితం మీద ఎక్కించి ఎర్రసిరాతో దిద్ది పంపుతున్నాను.

ఏడింటిలో అయిదు ఒకటే తప్పు. తెరిచిన ట్యాగు, అదే బ్రాకెట్లలో రాసే ఆ గుర్తు, మూయలేదు. నువ్వు పెయింటు డబ్బా మూత తెరిచి అలాగే వదిలేసి అన్నం తినడానికి వెళ్తావా? వెళ్ళవు. ఇదీ అంతే. ఏది తెరిచినా మూయి, చివర తెరిచినదాన్ని ముందు మూయి.

భయపడకు. నేను కూడా నలభై దాటాకే నేర్చుకున్నాను. మొదటి వారం తెర మీద నా పేరు కనిపించేసరికి ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. ఇంట్లో అందరూ అంటే మీ అన్నయ్య ఒక్కరే అనుకో.

ఆయన్ని నేను ఎత్తుకుపోలేదని నూటొక్కోసారి చెప్తున్నాను. నాకు ఈ ఊరికి బదిలీ అయింది, ఆయన పెట్టె సర్దుకున్నారు. బ్రష్షులు సర్దుకోలేదు. ఎందుకని అడిగితే, ఫ్లెక్సీ ఉండగా బ్రష్షెందుకన్నారు. ఇప్పుడు వంట ఆయనదే, మిద్దె మీద మొక్కలు ఆయనవే. నీ కవరు వచ్చినప్పుడు ముందు వాసన చూశారు. "టర్పెంటైన్" అన్నారు. తర్వాత కూర మాడ్చారు.

ఎర్రసిరా వదిన


జూలై 1

ఎర్రసిరా వదినకి,

మూతల సంగతి అర్థమైంది. ఇప్పుడు నిద్రలో కూడా మూతలు పెడుతున్నాను.

ఈ నెలలో చాలా దూరం వచ్చాను. రంగులు పెట్టడం నేర్చుకున్నాను. ఎరుపు ఒక్కటీ నా మాట వినడం లేదు. డబ్బాలో ఉన్న ఎరుపుకీ తెర మీద ఎరుపుకీ చుట్టరికమే లేదు. పేజీ వెడల్పు మాత్రం పద్ధతిగా స్కేలుతో తెర కొలిచి, లెక్కకట్టి రాశాను. గోడ కొలవకుండా గీతకి సుద్ద దారం కొట్టకూడదని నాన్న నేర్పిన మొదటి పాఠం కదా.

ఏం చూపిస్తావని నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. పంతొమ్మిది గోడలు చూపిస్తాను. పెద్ద గోడ పూర్తయిన ప్రతిసారీ స్టూడియో ఆయన్ని పిలిచి ఒక ఫొటో తీయించేవాళ్ళం, గుర్తుందా? ఆ ఫొటోలు బిస్కెట్ల డబ్బాలో భద్రంగా ఉన్నాయి. ఆయనే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చాడు. మధ్యాహ్నం పూట ఒక్కొక్కటీ తెరిచి చూస్తుంటే పొద్దు తెలియడం లేదు, వదినా. అన్నయ్య పక్కనే ఉండి "ఒత్తు కిందికి దిగింది, చూసుకో" అంటున్నట్టే ఉంది.

ఒక్కో ఫొటో కింద మూడు ముక్కలు రాస్తున్నాను. "పాల దుకాణం గోడ. పన్నెండు అడుగులు. ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. రాసింది నేను." "సైకిల్ షాపు. ఇప్పుడు ఉంది, పైన ఫ్లెక్సీ కప్పారు. రాసింది నేను." పంతొమ్మిదింటిలో పదిహేడు ఇప్పుడు లేవు. అబద్ధం రాయలేను కదా.

బొమ్మ పెట్టడానికి పుస్తకంలో చెప్పిన ట్యాగు నాకు నచ్చలేదు. మనం గోడకి ముందు అడుగు రంగు, అదే గ్రౌండు, కొట్టి తర్వాత కదా అక్షరం రాస్తాం. అందుకని ముందు చట్రం గీసి, దానికి ఫొటోనే గ్రౌండుగా కొట్టాను. కాగితం జతచేస్తున్నాను, దిద్దు. అన్నయ్య మొక్కలు ఎలా ఉన్నాయి?

తెరిచినవన్నీ మూసేసిన,
నీ మరదలు


జూలై 11

మరదలా,

మొక్కలు బాగున్నాయి. కుండీలకి నంబర్లు వేశారు. సుద్దముక్కతో వేశారు, రంగుతో కాదు. అయినా ఆ నాలుగు అంకె చూస్తే అచ్చం మామయ్య గారి చేయి. ఆయనకి చెప్పలేదు, చెప్తే చెరిపేస్తారు.

కాగితంలో రెండే తప్పులు.

మొదటిది వెడల్పు. ఇది గోడ కాదమ్మా. చూసే ప్రతివాళ్ళూ తమ గోడ తామే తెచ్చుకుంటారు. ఒకరిది బల్లంత, ఒకరిది అరచేయంత. నువ్వు కొలిచి రాస్తే అరచేయి వాళ్ళకి పాల దుకాణంలో గడప మాత్రం కనిపిస్తుంది. ఎన్ని అంగుళాలో రాయకు, నూటికి ఎన్నో పాళ్ళు అని రాయి.

రెండోది ఫొటోల చిరునామా. నువ్వు ఫొటో పేరొక్కటే రాశావు. కవరు మీద పేరొక్కటే రాసి పోస్టు డబ్బాలో పడేస్తావా? అది ఎక్కడుందో పూర్తి చిరునామా రాయి. అప్పుడే కంప్యూటరు వెతికి తెస్తుంది.

ఈ రెండూ సరిచేసుకుని, జతచేసిన కాగితంలో ఉన్న పద్ధతిలో అంతా నెట్ మీదికి ఎక్కించు. తొమ్మిది మెట్లు రాశాను, ఒక్కటి కూడా దాటెయ్యకు. నీకు మెట్లు దాటే అలవాటుంది.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, ఇంతకంటే రాయలేను.

ఎర్రసిరా వదిన


ఆగస్టు 2

వదినా వదినా,

అయింది. నిలబడింది. నా బోర్డు లోకం మీదికి ఎక్కింది.

నువ్వు చెప్పినట్టే పూర్తి చిరునామా రాశాను. కంప్యూటరు దగ్గర మొదలుపెట్టి, అందులో ఏ అర, ఆ అరలో ఏ ఫోల్డరు, ఆ ఫోల్డర్లో ఏ ఫొటో, ఏదీ వదల్లేదు. రాసి మీట నొక్కగానే పంతొమ్మిది గోడలూ వరసగా నిలబడ్డాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తర్వాత నీ తొమ్మిది మెట్లూ ఎక్కాను. ఒక్కటి కూడా దాటలేదు, ఒట్టు.

రోజుకి పదిసార్లు కంప్యూటరు మీద ఆ ఫైలు తెరిచి చూసుకుంటున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటావు, అను.

ఒక మాట. నువ్వు దిద్దిన దాంట్లో సగం చెరిపేసి నా పద్ధతిలో మళ్ళీ రాశాను. ఏం మార్చానో చెప్పను. నువ్వే చూసి కనుక్కో. ఎలా ఉందో నిక్కచ్చిగా చెప్పు, ఎందుకంటే నువ్వు బాగుందంటే అలాగే పాఠశాలకి పంపేస్తాను. అన్నయ్యకి తప్పకుండా చూపించు. నువ్వేమంటావో అని కాదు కానీ, వాడేమంటాడో అని గుండె కొట్టుకుంటోంది. పేజీ చిరునామా వెనక రాశాను, అక్షరం పొల్లుపోకుండా కొట్టు.

కాలు నేలమీద నిలవని,
నీ మరదలు


ఆగస్టు 12

బంగారు మరదలా,

ఆదివారం పొద్దున్నే తెరిచాను. తెరిచి, టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను.

నేనైతే అందరిలాగే ఒక ఆల్బంలా పెట్టేదాన్ని. ముందు అనుకున్నది వదిలేసి ఇలా పెట్టాలన్న ఆలోచన నీకు ఎలా వచ్చింది? దాదాపు అన్నీ పోయిన గోడలే కదా, వాటి గురించి ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? కింద నువ్వు రాసిన ఆ చిన్న చిన్న మాటలు, "ఇప్పుడు లేదు", "ఇప్పుడు లేదు" అని ఒక్కొక్కటీ చదువుతూ కళ్ళు తుడుచుకున్నాను. నిన్ను నేను ఇన్నేళ్ళూ తక్కువ అంచనా వేశానని ఒప్పుకుంటున్నాను. ఈ ఉత్తరం దాచుకో, మళ్ళీ ఒప్పుకోను.

ఎర్రసిరా సీసా మూత పెట్టేశాను. దేన్నీ ముట్టుకోకు, ఒక్క అక్షరం కూడా మార్చకు, అలాగే పంపెయ్యి.

మీ అన్నయ్యకి చూపించాను. పైనుంచి కిందిదాకా చూశారు, మళ్ళీ పైకి వచ్చి ఇంకోసారి చూశారు. లేచి మిద్దె మీదికి వెళ్ళిపోయారు. రెండు రోజులుగా అవసరానికి మించి మాట్లాడటం లేదు. ఆ గోడలు పోయాయన్న దిగులనుకుంటాను. నేనూ కదపలేదు.

నిన్ను చూసి గర్వపడుతున్న,
మీ వదిన


ఆగస్టు 30

వదిన గారికి,

నమస్కారం. మీరు, అన్నయ్య గారు క్షేమమని తలుస్తాను.

మీరు చెప్పినట్టే ఒక్క అక్షరం మార్చకుండా పాఠశాలకి పంపాను. జవాబు వచ్చింది. నాలుగు వాక్యాలు. మూడోది ఇది: "మీ వెబ్‌సైట్‌లో మీరు చేసిన పనులు ఏవీ మాకు కనిపించలేదు." ముప్పై ఏళ్ళ పని, వాళ్ళకి కనిపించలేదట. బాగాలేదంటే పడేదాన్ని. పాతబడిందంటే ఒప్పుకునేదాన్ని. అసలు పనిలాగే కనిపించలేదంటే నేనేం చెప్పను? సోడా దుకాణం గోడ మీద ఆ ఎరుపు నీడ వెయ్యడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. కళ్ళు మూసుకున్నవాడికైనా ఆ ఎరుపు తగలాలి.

మీరు కళ్ళు తుడుచుకున్నానన్నారు. నా మనసు నొప్పించకూడదని అన్నారేమో అనిపిస్తోంది. పెద్ద ఉద్యోగంలో ఉన్నవాళ్ళు చిన్నవాళ్ళని మెచ్చుకోవడం తేలిక. నేను నిక్కచ్చిగా చెప్పమని అడిగాను.

అన్నయ్య గారి సంగతి సరేసరి. నెల కావస్తోంది, ఒక్క ముక్క లేదు. పంతొమ్మిది గోడల్లోనూ వాడే ఉన్నాడు. ప్రతిదాంట్లోనూ నేను పైన, వాడు నిచ్చెన కింద. పాల దుకాణం దగ్గర తలకి తువ్వాలు చుట్టుకుని, సినిమా హాలు ప్రహరీ దగ్గర నోట్లో మేకులు పెట్టుకుని, సైకిల్ షాపు దగ్గర ఒంటికాలి చెప్పుతో. ఆ ఒంటికాలి చెప్పు చూసి అయినా నవ్వి ఒక కార్డు ముక్క రాస్తాడనుకున్నాను. చూసి కూడా పలకని మనిషికి నేను ఎందుకు చూపించాలి?

కంప్యూటరు మీద గుడ్డ కప్పేశాను. ఫోను కూడా ఆపేశాను. వచ్చే నెల ఇరవయ్యో తారీకున గిడ్డంగి వాళ్ళు రమ్మన్నారు. వెళ్తాను.

ఇట్లు,
మీ ఆడపడుచు


సెప్టెంబరు 4

తల్లీ,

మీరు, గారు అని నన్ను చంపకు. ఒప్పందం తప్పి పదకొండుసార్లు ఫోన్ చేశాను, నీ ఫోను ఆగిపోయే ఉంది. అందుకే కొరియర్లో పంపుతున్నాను. ఇది చదివాకే గిడ్డంగికి వెళ్ళాలో లేదో తేల్చుకో.

నువ్వు ఏ ఎరుపు గురించి రాశావు? ఏ ఒంటికాలి చెప్పు? నేను ఎరుపు చూడలేదు. చెప్పు చూడలేదు. నీ పేజీలో ఒక్క ఫొటో కూడా లేదు.

నిజం. నాకు కనిపించింది పంతొమ్మిది ఖాళీ చట్రాలు, కింద నీ మాటలు. చట్రం, లోపల తెలుపు, "ఇప్పుడు లేదు." నువ్వేదో మార్చానన్నావు కదా, పోయిన గోడలకి ఖాళీ చట్రాలే పెట్టాలని చివర్లో ఫొటోలు తీసేశావనుకున్నాను. గొప్ప ఆలోచన అనుకుని కళ్ళు తుడుచుకున్నాను. పాఠశాల వాళ్ళు నా అంత తెలివైనవాళ్ళు కారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాశారు.

ఎలా జరిగిందో చెప్తాను. తప్పు నాది. పూర్తి చిరునామా రాయమన్నది నేనే. నువ్వు నీ ఇంటి కంప్యూటరు, దాని అర, అన్నీ రాశావు. నీ ఇంట్లో కూర్చుని ఆ ఫైలు తెరిస్తే ఆ చిరునామాకి వెళ్ళి తెస్తుంది. నేను ఇక్కడ తెరిస్తే మా ఇంట్లో నీ అర కోసం వెతుకుతుంది. ఎక్కడుంటుంది? మామూలు ట్యాగుతో పెట్టి ఉంటే ఫొటో రాలేదని చిరిగిన బొమ్మ గుర్తయినా పడేది, నేను పట్టేసేదాన్ని. నువ్వు గ్రౌండు కొట్టావు. గ్రౌండు పోతే గుర్తు కూడా మిగలదు.

పేజీ పక్కనే ఉన్న ఫోల్డరు పేరు, అందులో ఫొటో పేరు. ఆ రెండే ఉంచి ముందున్నదంతా కొట్టెయ్యి. పంతొమ్మిది చోట్ల. పది నిమిషాల పని.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఏ బోర్డు రాసినా రోడ్డు దాటి అవతలి నుంచి చూడాలని మామయ్య గారు అనేవారు. ఎక్కించాక నువ్వు ఒక్కసారైనా వేరేవాళ్ళ కంప్యూటర్లో దాన్ని చూశావా?

ఇక మీ అన్నయ్య. నీ ఉత్తరం ఆయనకి పైకి చదివి వినిపించాను. ప్రతిదాంట్లోనూ వాడు నిచ్చెన కింద అన్న దగ్గర ఆపమన్నారు. ఇన్నాళ్ళూ ఎందుకు పలకలేదో అప్పుడు చెప్పారు. "ముందు వదిలేసి వచ్చింది నేనే. అయినా, ఖాళీ చట్రాల కింద పంతొమ్మిదిసార్లు 'రాసింది నేను, రాసింది నేను' అని ఉంటే, నన్ను చెరిపేసింది అనుకున్నాను" అన్నారు.

నీ దగ్గర తప్పు చేసిన,
మీ వదిన


సెప్టెంబరు 16

వదినా,

రోడ్డు దాటాను. నిజంగానే దాటాను. నీ ఉత్తరం చదివి చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురు ఫ్లెక్సీ షాపులోకి వెళ్ళి, "అన్నా, నా పేజీ ఒక్కసారి తెరువు" అన్నాను. తెరిచాడు. పంతొమ్మిది తెల్లటి చట్రాలు. ఆయన పాపం నా మొహం చూసి, "బాగానే ఉంది చెల్లెమ్మా, శుభ్రంగా ఉంది" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇంటికి వచ్చి దిద్దాను. మళ్ళీ రోడ్డు దాటాను. పదకొండు వచ్చాయి, ఎనిమిది రాలేదు. మళ్ళీ ఇంటికి. మొత్తం నాలుగుసార్లు దాటాను. నాలుగోసారికి పంతొమ్మిదీ వచ్చాయి. ఆయన షాపులో పని ఆపేసి మొత్తం చూశాడు. సైకిల్ షాపు గోడ దగ్గర ఆగి, "దీని మీద ఫ్లెక్సీ కప్పింది నేనే" అన్నాడు. తర్వాత టీ ఇప్పించాడు.

ముప్పై ఏళ్ళలో రోడ్డు దాటకుండా వదిలిన బోర్డు ఇదొక్కటే. తప్పు నీ మీద వేసుకోకు. సగం నాది.

అన్నయ్యకి చెప్పు. వాడి పేరు రాయాలని నాకు తోచనే లేదు. ఫొటోలో మనిషి నిలబడి ఉంటే కింద పేరు రాస్తామా? వాడు అక్కడ ఉన్నాడు కాబట్టే రాయలేదు. చెరపడానికి కాదు. నేను గోడ మీద ఉన్నంతసేపూ ఒక్కసారి కూడా కిందికి చూసేదాన్ని కాదు, వాడు వదలడని తెలుసు కాబట్టి. ఈ ముక్క ఆరేళ్ళ క్రితమే చెప్పి ఉండాల్సింది. చెప్పడం మానేసి నీతో ఫోన్లో గొడవపడ్డాను.

పాఠశాలకి మళ్ళీ చూడమని రాశాను. నిన్న జవాబు వచ్చింది. ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున రమ్మన్నారు. పరీక్షగా వాళ్ళ వర్క్‌షాపు గోడ మీద పేరు రాయాలట. పద్నాలుగు అడుగుల ఎత్తులో. నిచ్చెన మనం తెచ్చుకోవాలట. గిడ్డంగి వాళ్ళకి ఇప్పుడప్పుడే రానని చెప్పాను.

నిచ్చెన దించి తుడిచాను. రెండు మెట్లు వదులయ్యాయి, మేకులు కొట్టాను. పట్టుకోవడానికి ఎవరో ఒకరిని చూసుకుంటాను. అన్నయ్యకి మొక్కలున్నాయి, నీకు మోకాళ్ళున్నాయి. నేనేమీ అడగడం లేదు. ఊరికే రాశాను.

నీ మరదలు


సెప్టెంబరు 22

అడగకుండా అడిగే మరదలికి,

మీ అన్నయ్య పేజీ చూశారు. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుని చూశారు. ఒక్కో గోడ దగ్గరా తనని వెతుక్కుని వేలు పెట్టి లెక్కపెట్టారు. పంతొమ్మిదో దాంట్లో నిచ్చెన పక్కన ఒక చెయ్యి మాత్రమే పడింది. ఎవరిదో అన్నాను. "గడియారం చూడు, నాదే" అన్నారు. ఒంటికాలి చెప్పు దగ్గర నవ్వారు. తర్వాత చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

మొక్కలకి నీళ్ళు పోసే పని నాకు అప్పగించారు. ఏ కుండీకి ఎన్ని చెంబులో కాగితం రాసి గోడకి అంటించారు. పెట్టెలోంచి రంగు మరకలున్న పాత చొక్కా తీసి ఇస్త్రీ చేసుకున్నారు. ఆ చొక్కాకి ఇస్త్రీ ఎందుకని అడిగితే నా మీద కసురుకున్నారు.

ఇరవై ఆరో తారీకు సాయంత్రం బస్సు. ఊరికే రాస్తున్నాను, నేనేమీ చెప్పడం లేదు.

మీ వదిన


అక్టోబరు 2

వదినా,

అంతా వరసగా చెప్తాను, తొందరపడకు.

అన్నయ్య బస్సు దిగుతూనే నా మొహం చూడలేదు, నిచ్చెన చూశాడు. మేకులు వంకరగా కొట్టానన్నాడు. ఊడదీసి మళ్ళీ కొట్టాడు. అన్నం తినేటప్పుడు ఇద్దరం నీ మీద చాడీలు చెప్పుకున్నాం. ఆరేళ్ళ సంగతులు మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాల్సిన అవసరం కనిపించలేదు.

పరీక్షరోజు ప్రిన్సిపాల్, ఇంకో ఇద్దరు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఇద్దరం సుద్ద దారం కొట్టాం. నేను ఎక్కాను. ఆరేళ్ళ తర్వాత పద్నాలుగు అడుగులు ఎక్కాను వదినా, పై మెట్టు రెండు చేతులతో పట్టుకుని ఆగిపోయాను. కింద నుంచి అన్నయ్య, "నేనున్నాలే, రాయి" అన్నాడు. ఆ తర్వాత కిందికి చూడలేదు. నాలుగు గంటలు పట్టింది.

పూర్తయ్యాక దిగి, వాకిలి దాటి రోడ్డు అవతలికి వెళ్ళి చూశాను. చివరి అక్షరం కొమ్ము కొంచెం పొట్టిగా ఉంది. మళ్ళీ ఎక్కుదామంటే నా చేయి తిమ్మిరెక్కి బ్రష్షు నిలవడం లేదు. అన్నయ్య నా చేతిలోంచి బ్రష్షు తీసుకున్నాడు. "నువ్వు పట్టుకో" అన్నాడు. అంతే, ఎక్కేశాడు.

నేను నిచ్చెన పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పట్టుకోలేదు. ఎంత బరువుంటుందో, ఎంత భయం వేస్తుందో నాకు తెలియదు. పైన మనిషి చేయి చాచిన ప్రతిసారీ గుండె ఆగిపోతుంది. పంతొమ్మిది గోడలకీ వాడు ఆ భయంతోనే నిలబడ్డాడని నాకు ఇప్పుడు తెలిసింది. ఏడ్చాను. రంగు కళ్ళలో పడిందని చెప్పాను.

ఇంకొకరి చేయి పడిందని ప్రిన్సిపాల్ తప్పు పడతారేమో అనుకున్నాను. ఆవిడ లేచి వచ్చి, "మేము పిల్లలకి నేర్పాలనుకున్నది ఇదే" అన్నారు. సోమవారం నుంచి పనిలో చేరుతున్నాను.

కోడు కాగితం జతచేస్తున్నాను. పంతొమ్మిది గోడల కిందా ఇంకో వరస చేర్చాను: "నిచ్చెన పట్టుకున్నది అన్నయ్య." ఫొటోలో ఉన్నాడు కదా అని ఊరుకోలేదు. ఎర్రసిరా తియ్యక్కర్లేదు, మూతలన్నీ పెట్టాను. నాలుగుసార్లు కాదు, ఈసారి ఒక్కసారి రోడ్డు దాటితే సరిపోయింది.

అన్నయ్యని ఆదివారం బస్సెక్కిస్తాను. బ్రష్షులు సర్దుకున్నాడు. నువ్వు ఎత్తుకుపోయావని ఇక అనను, నెలకోసారి అప్పిస్తే చాలు.

పేజీ ఒకసారి తెరువు. కిందిదాకా వెళ్ళు. స్టూడియో ఆయన తీసిన ఇరవయ్యో గోడ ఉంటుంది. దాని కింద ఇలా రాశాను:

"వర్క్‌షాపు గోడ. పద్నాలుగు అడుగులు. ఇప్పుడు ఉంది. రాసింది ఇద్దరం. నిచ్చెన పట్టుకున్నది నేను."

నీ మరదలు